కెమెరా కేబుల్‌లో తీగలు రెండా, నాలుగా?

సంపాదకులకు నమస్కారాలు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇంట్లో నడుము లోతున నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసి, బురద కడిగి, బీరువా తెరిచి చూస్తే అడుగు అరలో మా పెళ్లినాటి ఆల్బమ్‌తో కలిపి మూడు ఆల్బమ్‌లు ముద్దగా దొరికాయి. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నిదానంగా విడదీయబోతే ప్లాస్టిక్ పొరతో పాటు ఫోటో మీది రంగు కూడా ఊడివచ్చి, మనుషుల ముఖాలు ఉండవలసిన చోట తెల్లని అట్ట మిగిలింది. పై అరలో పెట్టెతో సహా క్షేమంగా ఉన్నది 2014లో కొన్న డిజిటల్ కెమెరా ఒక్కటే. దాని కేబుల్ మాత్రం కింది అరలో ఆల్బమ్‌ల పక్కన ఉండడం వల్ల పిన్నులకు చిలుము పట్టి పనికిరాకుండా పోయింది.

ఆ కెమెరాలో 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు దుర్గా ఘాట్‌లో తీసిన ఫోటోలున్నాయి. మావారు స్నానం చేసి, తడి పంచెతో మెట్లెక్కుతూ, మనవడి చేయి పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న ఫోటో ఒకటి వాటిలో ఉంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ ఫోటోను ఎప్పుడూ కాగితం మీద వేయించలేదు, ఏ కంప్యూటర్‌లోకీ ఎక్కించలేదు. ఇల్లు సర్దుకోవడానికే చాలాకాలం పట్టినందువల్ల ఈమధ్యే ఆ పని మొదలుపెట్టాను. అందులో నాకు ఎదురైన ఇబ్బంది నా ఒక్కదానిదే కాదని తెలిశాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గవర్నరుపేటలో ఫోన్ సామాన్లు అమ్మే ఒక దుకాణానికి కెమెరాను వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడి అబ్బాయి కెమెరా పక్కనున్న రబ్బరు మూత తీసి చూసి, "వీ8 పిన్నే కదమ్మా, ఏ కేబులైనా పట్టేస్తుందండి" అని గోడకు వేలాడుతున్న వాటిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఫోన్లకు వాడిన సన్న పిన్నును దుకాణాలలో వీ8 అంటారు. ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికేనని నేను స్పష్టంగా చెప్పాను. "అన్నీ ఒకటేనండి" అన్నాడు. 80 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి కలపగానే కెమెరా మీద ఛార్జింగ్ దీపం నారింజ రంగులో వెలిగింది. కంప్యూటర్ తెర మీద మాత్రం ఏమీ రాలేదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను, ముందువైపు సాకెట్ వదిలి వెనకవైపు సాకెట్‌లో పెట్టి చూశాను, పక్కింటి వారి ల్యాప్‌టాప్‌కు కూడా కలిపి చూశాను. రెండు సాయంత్రాలు ఇలా గడిచాయి. తెలిసినవారొకరు కెమెరా లోపల సర్క్యూట్ పోయి ఉంటుందన్నారు. బాగుచేసే ఒక దుకాణంలో చూపిస్తే, విప్పి చూడడానికే 1,200 రూపాయలవుతుందని చెప్పారు.

కెమెరాను విప్పనివ్వడానికి నాకు మనసొప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, ముందు అనుమానించవలసింది కెమెరాను కాదు, కొత్తగా వచ్చి చేరిన కేబుల్‌ను అనిపించింది. బ్లేడుతో దాని పైతొడుగును అంగుళం మేర నిలువునా చీల్చాను. లోపల ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి ఉన్నాయి. మరేమీ లేవు.

చిలుము పట్టిన మా పాత కేబుల్‌ను కూడా అలాగే చీల్చి పక్కన పెట్టాను. అందులో పలుచని రేకు చుట్టు కింద నాలుగు తీగలున్నాయి: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఎరుపు, నలుపు తీగలు ఐదు వోల్టుల కరెంటును తీసుకువెళ్లి వెనక్కి తెచ్చేవి. సమాచారం నడిచేది తెలుపు, ఆకుపచ్చ తీగల జంటలోనే. ఆ జంట లేని కేబుల్‌ను కలిపితే కెమెరాకు కరెంటు అందుతుంది కాబట్టి దీపం వెలుగుతుంది. కానీ ఇక్కడ ఒక కెమెరా ఉన్నదన్న సంగతే కంప్యూటర్‌కు తెలియదు. నేను ఏ సాకెట్ మార్చినా, ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. దీపం వెలిగింది కాబట్టి కేబుల్ మంచిదేనని, లోపం కెమెరాలోనే ఉందని ఎవరైనా అనుకుంటారు. ఈ రకం కేబుల్ వల్ల జరిగే అసలు హాని అదే. 80 రూపాయల వస్తువు చేసిన మోసానికి, బాగున్న కెమెరాను చెడిపోయిందని అవతల పారేసిన ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉండి ఉంటాయి.

పరికరాలను కంప్యూటర్‌కు ఇలాంటి కేబుల్‌తో కలిపే యూఎస్‌బీ అనే ఈ పద్ధతి 1996లో వచ్చింది. అంతకు ముందు ప్రింటర్‌కు ఒక రకం, మౌస్‌కు ఒక రకం, మోడెమ్‌కు మరో రకం సాకెట్లుండి, వాటిని కలపడం తెలిసినవాళ్ల పనిగా ఉండేది. బరోడా విశ్వవిద్యాలయంలో చదివి ఇంటెల్ సంస్థలో ఇంజినీరుగా పనిచేసిన అజయ్ భట్, ఆయన సహచరులు దీన్ని రూపొందించినప్పుడు పెట్టుకున్న లక్ష్యమే, ఇంట్లో ఎవరైనా సరే ఏ పరికరాన్నయినా ఒకే రకం సాకెట్‌లో పెట్టి వాడుకోగలగాలని. కంప్యూటర్‌లో పెట్టే పెద్ద ప్లగ్‌లో కనిపించే నాలుగు బంగారు రంగు పట్టీలను దగ్గరగా చూస్తే, అటూ ఇటూ ఉన్న రెండూ మధ్యలోని రెండింటి కంటే కొంచెం పొడవుగా ఉంటాయి. పెట్టేటప్పుడు ముందుగా కరెంటు తగలాలి, తరువాతే సమాచారం నడవాలి. తీసేటప్పుడు సమాచారం ముందు తెగాలి, కరెంటు తరువాత తెగాలి. వాడేవాళ్లకు ఏమీ తెలియకపోయినా పరికరం దెబ్బతినకుండా ఉండడానికి అంత శ్రద్ధ తీసుకున్న అమరికలోంచి, రెండు తీగలు మిగుల్చుకుని అమ్ముతున్నారు. కొన్ని ఛార్జింగ్ కేబుళ్ల ప్లగ్‌లో మధ్య పట్టీలు రెండూ అసలు ఉండవు, టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. నేను కొన్నదానిలో పట్టీలు నాలుగూ ఉన్నాయి. వాటి వెనక తీగలే లేవు.

చీల్చిన కేబుల్‌ను తీసుకుని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. కోసిన వస్తువును వెనక్కి తీసుకోలేమన్నారు. అది సబబే, నేను అడిగింది కూడా డబ్బు కాదు. మిగిలినవాటిలో ఏది ఫోటోలకు పనికొస్తుందో, ఏది రాదో చెప్పమన్నాను. వాళ్లకూ తెలియదు. అట్టపెట్టెల్లో కట్టలుగా వస్తాయని, పారదర్శకమైన కవర్‌లో వేసి తగిలిస్తామని, ఏది ఏ రకమో దాని మీద రాసి ఉండదని నిజాయతీగా ఒప్పుకున్నారు. ఆ కవర్ల మీద గరిష్ఠ ధర లేదు, తయారు చేసినవారి పేరు లేదు, ఫిర్యాదు చేయడానికి చిరునామా లేదు.

ఆ తరువాత బీసెంట్ రోడ్డులో మరో దుకాణంలో అడిగాను. అక్కడి పెద్దాయన కేబుల్‌ను నా చేతికి ఇవ్వకముందే ఒక చివర తన బల్ల మీది కంప్యూటర్‌కు, రెండో చివర ఒక పాత ఫోన్‌కు తగిలించి, తెర మీద ఫోల్డర్ తెరుచుకోవడం చూపించి, అప్పుడు 150 రూపాయలు తీసుకున్నారు. ఒక్క నిమిషం పట్టింది. ఇంటికొచ్చి కలిపేసరికి కంప్యూటర్ చిన్నగా చప్పుడు చేసింది, కెమెరా పేరుతో ఒక గుర్తు తెర మీదకు వచ్చింది. పుష్కరాల ఫోటోలన్నీ ఉన్నాయి. మావారి ఫోటో కూడా ఉంది.

ఈ సంగతి మా వీధిలో తెలిశాక నలుగురైదుగురు తమ పాత కెమెరాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వరదలో కాగితపు ఫోటోలు పోగొట్టుకున్నవారే అందరూ. వాళ్లతో కూర్చుని చేసిన పనిలో తెలిసివచ్చిన సంగతులు ఇతరులకూ పనికొస్తాయి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

అన్ని కెమెరాలకూ ఒకే పిన్ను పట్టదు. 2010కి ముందరి కెమెరాలలో చాలావాటికి కాస్త లావుగా ఉండే మినీ పిన్ను కావాలి, దుకాణాలలో దాన్ని వీ3 అంటారు. తరువాత కాలంలో వచ్చినవాటిలో చాలావాటికి ఫోన్లకు వాడిన సన్న పిన్ను, అంటే మైక్రో, సరిపోతుంది. కొన్ని కంపెనీలు ఈ రెండూ కాకుండా తమ సొంత ఆకారంతో సాకెట్లు పెట్టాయి. అలాంటి కెమెరాకు దాని మోడల్ నంబరు చెప్పి అదే కేబుల్‌ను వెతికి తెప్పించుకోవడం తప్ప దారి లేదు. దగ్గరి ఆకారం కదా అని బలవంతంగా నెట్టకూడదు. కెమెరాలోని సాకెట్ లోపలి సర్క్యూట్ పలకకు సన్నని టంకంతో అతికి ఉంటుంది. అది ఊడితే నిజంగానే కెమెరా విప్పవలసి వస్తుంది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ తీగను కాకుండా ప్లగ్‌ను పట్టుకోవాలి.

కేబుల్ సరైనదే అయినా కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ ఏదీ రాలేదని ఒకరు కంగారుపడ్డారు. కెమెరా కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు రెండున్నాయి. మాస్ స్టోరేజ్ పద్ధతిలో కెమెరా ఒక పెన్‌డ్రైవ్ లాగా డ్రైవ్ అక్షరంతో కనిపిస్తుంది. పీటీపీ పద్ధతిలో డ్రైవ్ అక్షరం ఉండదు, కెమెరా తన పేరుతో విడిగా కనిపిస్తుంది. ఈ రెండో పద్ధతి కంపెనీలన్నిటికీ ఉమ్మడిగా 2000లో రూపొందింది, తరువాత ఐఎస్ఓ 15740 ప్రమాణమైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి కంప్యూటర్లే దీన్ని గుర్తుపడుతున్నాయి కాబట్టి పాత కెమెరాతో వచ్చిన సీడీ పోయిందని దిగులు పడనక్కరలేదు. కొన్ని కెమెరాల సెట్టింగ్‌లలో యూఎస్‌బీ అన్నచోట ఈ రెండింటిలో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు, ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడాలి. కెమెరా స్విచ్ వేసి ఉండాలి. కొన్నిటిలో ఫోటోలు చూసే మీట నొక్కి ఉంచితేనే కంప్యూటర్‌కు జవాబిస్తాయి.

కెమెరాలోని మెమరీ కార్డు బయటికి తీసి కార్డు రీడర్‌లో పెట్టుకుంటే ఈ కేబుల్ గొడవ ఉండదు కదా అని చాలామంది అంటారు. రీడర్, కార్డు రెండూ బాగుంటే అది నిజంగానే వేగంగా జరిగే పని, కాదనను. అయితే 2006లో వచ్చిన, ఎక్కువ ఫోటోలు పట్టే ఎస్‌డీహెచ్‌సీ కార్డులను అంతకుముందరి రీడర్లు చదవలేవు. పాత మెమరీ స్టిక్, ఎక్స్‌డీ కార్డులకు ఈనాడు రీడర్ దొరకడమే కష్టం. ఆ కార్డుకు సరిపోయే పరికరం మన చేతిలోని కెమెరాయే. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. చాలా చిన్న కెమెరాలలో కార్డు కాకుండా సొంత మెమరీ కొద్దిగా ఉంటుంది, కార్డు లేకుండా నొక్కిన ఫోటోలు అందులోకి వెళ్తాయి. మా ఎదురింటి వారి కెమెరా కార్డును వాళ్లబ్బాయి ఏనాడో తీసుకుపోయాడు. అందులో ఇక ఏమీ లేదనే అనుకున్నారు. కార్డు లేకుండానే కేబుల్‌తో కలిపి చూస్తే ఆ సొంత మెమరీలో పదకొండు ఫోటోలు దొరికాయి, వాటిలో రెండు వాళ్ల అమ్మగారివి. కార్డు తీసుకుని రీడర్‌కు వెళ్లేవారికి అవి ఎప్పటికీ కనబడేవి కావు.

జిరాక్స్ సెంటర్లలో కార్డు ఇచ్చి ఎక్కించుకునేవారికి మరో ప్రమాదం ఉంది. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టిన కంప్యూటర్‌లోంచి వైరస్ ఎక్కి, ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి. పీటీపీ పద్ధతిలో కలిపిన కెమెరా డ్రైవ్‌గా కనిపించదు కాబట్టి డ్రైవ్‌లను వెతికి అంటుకునే వైరస్‌కు దారి ఇరుకవుతుంది.

కేబుల్ కుదిరాక కూడా తొందరపడి ఫోటోలు పోగొట్టుకునేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది, కాపీ చేయడానికి బదులు కట్ చేయడం. మధ్యలో బ్యాటరీ అయిపోయినా, కరెంటు పోయినా, తీగ కదిలినా అక్కడా లేక ఇక్కడా లేక పోయే అవకాశం దానిలోనే ఉంది. బ్యాటరీని ముందుగా నిండా ఛార్జ్ చేసుకుని, కాపీ మాత్రమే చేసి, రెండు వైపులా ఫోటోల లెక్క సరిచూసుకుని, కొన్నిటిని తెరిచి చూసిన తరువాతే కెమెరాను తీయాలి. డ్రైవ్‌గా కనిపిస్తున్న కెమెరానైతే సేఫ్‌లీ రిమూవ్ నొక్కిన తరువాతే తీయాలి. కార్డులోవి చెరిపే మాట, ఆ ఫోటోలు మరో హార్డ్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో కూడా చేరిన తరువాత చూసుకోవచ్చు.

రెండోది తెలియక జరిగేది. ఏ కంపెనీ కెమెరాలోనైనా ఫోటోలు డీసీఐఎం అనే ఫోల్డర్‌లోనే ఉండడాన్ని గమనించే ఉంటారు. ఇది జపాన్ పరిశ్రమ వర్గాలు 1998లో ఏర్పరుచుకున్న నియమం. దాని ప్రకారం ప్రతి ఫోటో పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. అంకెలు 9999 దాకా వెళ్లాక మళ్లీ 0001 నుంచి మొదలవుతాయి, కార్డు మార్చినప్పుడు మొదటికి వచ్చే కెమెరాలూ ఉన్నాయి. అంటే 2010లో అన్నప్రాశనకు తీసిన ఫోటో, 2016లో పుష్కరాలకు తీసిన ఫోటో ఒకే పేరుతో ఉండవచ్చు. రెండింటినీ కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, ఆ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటావా అని అడుగుతుంది. అలవాటుగా సరే అని నొక్కితే పాతది పోతుంది. ఏ కెమెరా నుంచి ఎప్పుడు ఎక్కించామో ఆ పేరుతో విడి ఫోల్డర్ చేసుకోవాలి. ఫోటో తీసిన తేదీ ఆ ఫైలు లోపలే నమోదై ఉంటుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి ఎండిపోయి కెమెరా గడియారం మొదటికి వచ్చినా, వెనకటి ఫోటోల తేదీలు మారవు. పిల్లలకు పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, లోపలి తేదీ కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇక అమ్మేవారి విషయానికి వస్తాను. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌ను అమ్మడం తప్పని నేను అనడం లేదు. దాని అవసరం దానికి ఉంది. బస్ స్టాండ్‌లోనో రైల్వే స్టేషన్‌లోనో తెలియని చోట ఫోన్ ఛార్జ్ చేసుకునేవారికి సమాచారం నడవని కేబులే భద్రం. తప్పల్లా, అది ఏ రకమో చెప్పకుండా అమ్మడం, అడిగినవారికి అన్నీ ఒకటేనని చెప్పడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడాన్ని కొనేవారి హక్కుగా పేర్కొంటోంది. పొట్లంగా కట్టి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. గవర్నరుపేట నుంచి బీసెంట్ రోడ్డు దాకా బళ్ల మీద, దుకాణాల గోడల మీద వేలాడుతున్న కేబుళ్లలో ఇవి ఉన్నవెన్నో అధికారులు ఒక్క పూట తిరిగి చూసినా తెలుస్తుంది.

అన్నిటికీ ఒకే ఆకారంలో ఉండే టైప్-సీ పిన్ను వచ్చింది కదా, ఇక ఈ సమస్య ఉండదని ఒక మిత్రురాలు అన్నారు. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లతో పాటు డిజిటల్ కెమెరాలకు కూడా టైప్-సీ సాకెట్‌ను తప్పనిసరి చేశారు. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా టైప్-సీకి ప్రమాణాన్ని ప్రకటించింది. మంచిదే. కానీ బీరువాల్లో ఉన్న పాత కెమెరాల సాకెట్లు దానితో మారవు. ఆకారం ఒకటైనంత మాత్రాన అన్ని కేబుళ్లూ ఒకే పని చేస్తాయన్న భ్రమ టైప్-సీతో తగ్గకపోగా ఇంకా పెరిగే ప్రమాదముంది.

కాబట్టి నగరంలోని ఫోన్, కంప్యూటర్ సామాన్ల వ్యాపారులను మీ పత్రిక ద్వారా ఒక్కటే కోరుతున్నాను. సరుకు రాగానే ప్రతి రకంలో ఒక్కొక్క కేబుల్‌ను ఫోన్‌కూ కంప్యూటర్‌కూ తగిలించి చూడండి. బీసెంట్ రోడ్డు పెద్దాయన చేసింది అదే, అందుకు ఖర్చేమీ లేదు. ఫోటోలు ఎక్కించడానికి పనికిరాని రకం కవర్ల మీద "ఛార్జింగ్‌కు మాత్రమే" అని తెలుగులో చిన్న చీటీ అతికించండి. వ్యాపారుల సంఘాలు ఆ చీటీలను అచ్చు వేయించి పంచితే ఇంకా సులువవుతుంది. తూనికలు కొలతల శాఖ వారు పెట్రోలు బంకులను, బియ్యం బస్తాలను తనిఖీ చేసినట్టే ఈ కవర్లను కూడా చూడాలి. కొని మోసపోయినవారు 80 రూపాయలే కదా అని ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాలి.

నేను చీల్చిన రెండు కేబుళ్లను ఒక అట్టకు పక్కపక్కనే కుట్టి, తీగల రంగులు కనిపించేలా విప్పి ఉంచాను. ఏ దుకాణంలోనైనా, ఏ పాఠశాలలోనైనా చూడాలనుకుంటే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
సింగ్‌నగర్, విజయవాడ.